తీగ పడ్డ కష్టం చాలదట

మా డైరెక్టరు అనంతశయనం గారు అధ్యయన యాత్రకని విదేశాలకు వెళ్లి, రెండు సూట్‌కేసులతోనూ ఒక వాక్యంతోనూ తిరిగొచ్చారు. సూట్‌కేసుల్లో ఏమున్నాయో ఆఫీసులో ఎవరికీ తెలియదు. వాక్యం మాత్రం మర్నాడే సర్క్యులర్‌గా మా బల్లల మీదికొచ్చింది. ‘తీగ కష్టపడితేనే రసం బాగుంటుంది.’

నేను బుద్బుద ద్రాక్షాసవ అభివృద్ధి మండలిలో ప్రచార సహాయకుణ్ణి. పేరు చూసి హడలిపోకండి. కప్పు గెలిచిన ఆటగాళ్లు మూత తీసి తుస్సుమని ఒకరి మీద ఒకరు పోసుకుంటారే, ఆ పొంగే వైన్‌ని మన కరువు నేలలో తయారుచేయించాలన్నది మా మండలి ఆశయం. ఊళ్లలో మమ్మల్ని బుడగల బోర్డు అంటారు. అందులో అగౌరవమేమీ లేదని నేను ఇదివరకే ప్రెస్ నోటు ఇచ్చాను. ఎవరూ వేసుకోలేదు.

ఈ ద్రాక్షతో ఒక చిక్కుంది. మామూలు ద్రాక్షను తియ్యబడ్డాక కోస్తారు. దీన్ని పులుపుండగానే కోయాలి. ఎండ ముదిరి చక్కెర ఎక్కిందా, అది పొంగే వైన్‌కి పనికిరాదు. గింజలెక్కువ, తొక్క మందం కాబట్టి తినడానికీ ఎవరూ కొనరు. ఆ అదను మహా అయితే వారం, పది రోజులు. మడకశిర అవతల, కర్ణాటక పొలిమేరలో ఉన్న దొడ్డగుట్టపల్లిలో మా బావ తిప్పేస్వామి వేరుశనగ మానేసి, ఉన్న నాలుగెకరాల్లోనూ ఈ ద్రాక్షే పెట్టాడు. కొనేది బోర్డొక్కటే. కోతకు అనుమతిచ్చేదీ బోర్డే. అంటే ఏడాదంతా మా అక్క గంగమ్మ కుటుంబం తినే అన్నం ఆ వారం రోజుల మీద ఆధారపడి ఉంటుంది.

వాక్యం వచ్చిన వారానికి డైరెక్టరు గారు అందరితో సమావేశం పెట్టారు.

“అక్కడ ఒక నేలమాళిగలో నేనొక వృద్ధుణ్ణి కలిశాను,” అన్నారు కళ్లు అరమోడ్చి. “ఆయన గాజు గ్లాసు ఎత్తి ఒకే మాట చెప్పాడు. తీగ కష్టపడాలి. వాళ్ల నేలలో రాళ్లు, గాలిలో మంచు, మే నెలలో వడగళ్లు. ఆ తీగ బతుకంతా వ్యథే. అందుకే ఆ రసానికి అంతటి గాంభీర్యం. మరి మన తీగలో? డ్రిప్పు, పశువుల ఎరువు, నీడ! కొత్తల్లుణ్ణి మేపినట్టు మేపుతున్నాం. సుఖానికి అలవాటుపడ్డ ద్రాక్ష బుడగలెందుకు ఇస్తుంది?”

అందరం చప్పట్లు కొట్టాం. వృద్ధుడు ఆ మాట ఏ భాషలో అన్నాడని గానీ, అది డైరెక్టరు గారికి ఎలా అర్థమైందని గానీ ఎవరూ అడగలేదు. అలాంటి ప్రశ్నలు అడిగేవాళ్లు మా ఆఫీసులో ఇద్దరుండేవాళ్లు, ఇద్దరూ బదిలీ అయ్యారు.

డిప్యూటీ డైరెక్టరు కుముదిని మేడం చాలా చదువుకున్న మనిషి. పెద్దాయన నోట వాక్యం వస్తే చాలు, ఆవిడ దాన్ని పథకం చేసేస్తారు. నెల తిరక్కుండానే ‘తీగ కష్ట సూచిక’ తయారైంది. నీటి ఎద్దడికి ఇన్ని మార్కులు, నేల నిస్సారతకు ఇన్ని, తెగుళ్లకు ఇన్ని, ‘సాధారణ నిస్పృహ’కు ఇన్ని. నిస్పృహను తీగ వాలకం చూసి తనిఖీ అధికారి అంచనా వేయాలి. నూటికి అరవై రాని తోటలో కత్తెర పెట్టరాదు.

మొదటి ఏడు కాలం చక్కగా నడిచింది. అది మా మండలికి పెద్ద దెబ్బ. వేళకు వాన, వేళకు ఎండ, తెగులు జాడ లేదు. తనిఖీకి వెళ్లిన మేడంతో నేనూ ఫొటోల కోసం వెళ్లాను. బావ తోటలో అడుగుపెట్టగానే ఆవిడ మొహం వాడిపోయింది.

“ఏమిటిది తిప్పేస్వామి గారూ, ఇంత పచ్చగా ఉంది?”

“మీ దయ మేడం,” అన్నాడు బావ సంతోషంగా. “పెంట తోలినాం. వేపపిండి వేసినాం. బిడ్డను సాకినట్టు సాకినాం.”

“అంటే మీరే ఒప్పుకుంటున్నారు.”

“యాది మేడం?”

“సదరు తీగలకు ఉద్దేశపూర్వకంగా సౌకర్యం కల్పించినట్టు.” ఆవిడ ఒక ఆకు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి నిట్టూర్చారు. “ఒక్క మచ్చ కూడా లేదు.”

బావ నావైపు చూశాడు. నేను కెమెరా వైపు చూశాను. తోటకు పద్దెనిమిది మార్కులొచ్చాయి, అవి కూడా గట్టు పక్కన పాము పుట్ట ఉన్నందుకు.

జిల్లాలో ఒక్క తోటా పాస్ కాలేదు. కొత్త వైన్ యంత్రాల ప్రారంభోత్సవం దగ్గరపడటంతో ఆ ఏటికి అందరికీ గ్రేస్ మార్కులు కలిపి కోతకు అనుమతిచ్చారు. వచ్చే ఏడు మాత్రం ఉపేక్షించేది లేదని, తీగలకు తగిన కష్టం కలిగించేందుకు మండలానికొకరు చొప్పున ‘కష్ట ప్రేరకుల’ను కాంట్రాక్టు పద్ధతిలో నియమిస్తున్నామని ఉత్తర్వు వెలువడింది. వీళ్లు తోటల్లో తిరిగి డ్రిప్పు కట్టేయాలి, మొదళ్లలో గులకరాళ్లు పోయించాలి, లేత కొమ్మలను మధ్యమధ్య వంచి వదలాలి.

మా అక్క ఊరికి వచ్చిన ప్రేరకుడు బక్కపలచని కుర్రాడు, పేరు చంద్రమౌళి. బీఎస్సీ చదివి ఆరేళ్లు ఖాళీగా ఉండి, ఈ ఉద్యోగంలో చేరాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో రాళ్లు పోయించి, కళ్లు తిరిగి మా అక్క వాకిట్లో కూలబడ్డాడు.

“యాల నాయనా, తీగల్ని కష్టపెట్టేకి నువ్వింత కష్టపడేది?” అని మా అక్క మజ్జిగ ఇచ్చింది. అతను తాగి, కాసేపు పడుకుని, లేచి వెళ్లి డ్రిప్పు కట్టేశాడు. అతను రోడ్డెక్కగానే అక్క వెళ్లి మళ్లీ తిప్పింది. చంద్రమౌళికి ఆ సంగతి తెలుసు. అతనికి కావలసింది కట్టేసినట్టు ఫొటో.

ఇలా నడుస్తుండగా రెండో ఏడు అసలైన కాలం వచ్చింది.

పూత మీద ఉండగా తుపాను పట్టింది. ఆరు రోజులు వదల్లేదు. పూత రాలింది. రాలగా మిగిలిన గుత్తులకు బూజు తెగులు తగిలింది. బావ గోనెసంచి కప్పుకుని వానలోనే మందు కొట్టాడు, కొట్టింది కొట్టినట్టు కొట్టుకుపోయింది. తెరిపిచ్చింది కదా అనుకుంటే పొగమంచు. మంచు పోయిందనుకుంటే జనవరిలోనే ఏప్రిల్ ఎండలు. మొత్తానికి సగం కాపు నేలపాలైంది. మిగిలిన సగంలో కాయ చిన్నది, గుత్తి పలచన. కానీ ఆ పులుపుందే, నోట్లో వేసుకుంటే చెవుల వెనక జిల్లుమనేది. వైన్ చేసే మేస్త్రీలు రుచి చూసి, ఇలాంటి కాయ మళ్లీ దొరకదు, వెంటనే కోయించండి అన్నారు. ఎండకు చక్కెర పరిగెత్తుకొస్తోంది కాబట్టి ఈసారి అదను వారం కూడా లేదన్నారు.

మండలిలో పండగ వాతావరణం. “ఈ సంవత్సరం మనకు అన్నీ కలిసొచ్చాయి,” అన్నారు డైరెక్టరు గారు. ‘మండలి ఆశయాలకు అనుగుణంగా విరుచుకుపడిన తుపాను’ అని నేను ప్రెస్ నోటు రాశాను. ఈసారి వేసుకున్నారు.

బావ ముందుగా తుపాను నష్టపరిహారం కోసం వెళ్లాడు. అక్కడి ఆఫీసరు మర్యాదస్తుడు, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. “నష్టమని మీరంటున్నారు. మీ పంటకు కష్టం వస్తే నాణ్యత పెరిగినట్టేనని మీ మండలి ఉత్తర్వులున్నాయి. నాణ్యతకు పరిహారం ఇవ్వడానికి మా దగ్గర పద్దు లేదు,” అని అభినందనలు చెప్పి పంపాడు.

“పోనీలేప్పా,” అన్నాడు బావ నాతో. “పరిహారం పోతే పోయె. మార్కులన్నా దండిగా పడతాయి. ఇంతకంటే కష్టం ఇంగ యాడుంటాది? ఉన్న సగం కోసుకుంటే గండం గట్టెక్కుతాం.”

నాకూ అదే అనిపించింది. కుముదిని మేడం తనిఖీకి వస్తుంటే నేను ధీమాగా వెంట వెళ్లాను. ఆవిడ మచ్చలు పడ్డ ఆకులను చూశారు, రాలిపోయిన గుత్తుల తొడిమెలను చూశారు, ముఖం విప్పారింది. ఒక్కో శీర్షిక కిందా మార్కులు వేసుకుంటూ వెళ్లారు. చివరి వరుస దగ్గర మాత్రం ఆగిపోయారు. అక్కడ గుత్తులు నిగనిగలాడుతూ వేలాడుతున్నాయి.

“తీగ తట్టుకుంది,” అన్నారు.

“తట్టుకుంది మేడం,” అన్నాడు బావ గర్వంగా.

“తట్టుకుందంటే కష్టం చాలలేదన్నమాట.”

“చాలలేదా?”

“ఒక తీగ కష్టాన్ని అధిగమించిందంటే, దాని సామర్థ్యం కష్టం కంటే ఎక్కువని అర్థం. అంటే కష్టం దాని సామర్థ్యంలో భాగం మాత్రమే. ఏ మేరకు అధిగమించిందో ఆ మేరకు మార్కులు తగ్గించాలి.” ఆవిడ తగ్గించారు. ముప్పై నాలుగు.

“మేడం, అట్లయితే పాసయ్యేది యాది?”

మేడం తప్పించుకునే మనిషి కాదు. ఆలోచించి, పద్ధతి ప్రకారం జవాబు చెప్పారు. “తట్టుకోలేకపోయిన తీగ.”

అలా చెప్పి ఊరుకోకుండా పక్క తోటకు తీసుకెళ్లి చూపించారు కూడా. అది నింగప్ప తోట. పల్లంలో ఉంది కాబట్టి నీళ్లు నిలిచిపోయి, వేళ్లు కుళ్లి, తోటంతా చచ్చింది. పందిరికి ఎండిన తాళ్లలా తీగలు వేలాడుతున్నాయి. నింగప్ప గట్టు మీద తలకు చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. మేడం ఆ తోటకు నూటికి నూరు వేసి, అక్కడికక్కడే కోత అనుమతి పత్రం సంతకం చేసి ఆయన చేతిలో పెట్టారు. జిల్లా ఉత్తమ తోట కూడా అదేనన్నారు.

“కోసేకి ఏముంది మేడం ఇక్కడ?” అన్నాడు నింగప్ప.

“అనుమతి ఇవ్వడం వరకే మా బాధ్యత,” అన్నారు మేడం.

నాకు అప్పుడు కడుపు మండింది. ఉద్యోగస్థుణ్ణి కాబట్టి మండినట్టు కనిపించకుండా డైరెక్టరు గారి గదికి వెళ్లాను. తిప్పేస్వామి తోటను మళ్లీ పరిశీలించమని వేడుకున్నాను.

“వీరభద్రయ్య గారూ,” అన్నారాయన, “సదరు రైతు మీ బావగారు కావడం చేత మీరు తీగ పక్షాన మాట్లాడుతున్నారు. నేను రసం పక్షాన ఆలోచించాలి. నేడు బతికున్న తీగకు అనుమతిస్తే, రేపు ప్రతి తీగా బతుకుతానంటుంది. అప్పుడు ప్రమాణాలేం కావాలి?”

ఇక బావ సంగతి. రోజూ తెల్లవారగానే తోటకు వెళ్లి ఒక కాయ నోట్లో వేసుకునేవాడు. మొదట్లో పులుపుకు మొహం వంకర్లు పోయేది, సంతోషంగా వచ్చేవాడు. రోజురోజుకీ వంకర తగ్గింది. ఒక పొద్దున అక్క పొయ్యి ముందు కూర్చుని చూస్తుండగా, బావ తోట నుంచి తెచ్చిన కాయ నమిలాడు, మొహం మామూలుగానే ఉంది.

“తియ్యబడిందా?” అంది అక్క.

“పై రెండెకరాలు పోయినట్టే,” అన్నాడు బావ. కింది రెండెకరాలకు కొండ నీడ ఉంది, ఇంకో మూడు నాలుగు రోజులు ఆగుతుందన్నాడు.  అక్క పొయ్యిలో కట్టెను అవసరానికి మించి గట్టిగా పొడిచింది.

ఆ రోజే ఆఫీసులో తొలి కోత ఉత్సవం ఖాయమైంది. మంత్రిగారు వచ్చి ఉత్తమ తోటలో తొలి గుత్తి కోయాలి, ఆ పైన పళ్ల లారీకి జెండా ఊపాలి. ఉత్తమ తోట నింగప్పది. అందులో కోయడానికి ఎండుపుల్లలే ఉన్నాయి. ఈ ఇబ్బంది ఉత్సవానికి రెండు రోజుల ముందు, శామియానా వేయించడానికి వెళ్లినప్పుడు గాని ఎవరి దృష్టికీ రాలేదు.

డైరెక్టరు గారు కలవరపడకుండా నన్ను పిలిచారు. “ఒక పది గుత్తులు ఎక్కణ్నుంచైనా తెప్పించి తీగలకు కట్టించండి. ఫొటోకు సరిపోతాయి.”

జీవితంలో నేను చేసిన తెలివైన పని అప్పుడే చేశాను. “పది గుత్తులు ఫొటోకు చాలు సార్. కానీ లారీ ఖాళీగా ఉంటుంది. మంత్రిగారు ఖాళీ లారీకి జెండా ఊపినట్టు ఎవరైనా వీడియో తీస్తే...” అన్నాను.

ఆయన మొహంలో ఎర్ర రంగు వచ్చి, పోయి, మళ్లీ వచ్చింది. “లారీ నిండాలి,” అన్నారు. “ఎట్లా నిండుతుందో నాకు చెప్పొద్దు.”

నేను చెప్పలేదు. అక్కకు ఫోన్ చేశాను.

ఆ రెండు రోజులూ దొడ్డగుట్టపల్లి ఆడవాళ్లంతా కత్తెరలు పట్టుకుని మా బావ కింది రెండెకరాలు కోశారు. బతికున్న తోటలో కోత నేరం. కానీ గట్టు దాటించి నింగప్ప చచ్చిన తోటలో పెట్టగానే అదే పండు ఉత్తమ తోట పండు. ముందు వరుసలకు గుత్తులను పురికొసతో కట్టారు, మిగతాది క్రేట్లలో సర్దారు. అనుమతి నింగప్పది, పండు బావది కాబట్టి చెరి సగం అనుకున్నారు. నింగప్ప మొదట వద్దన్నాడు.

“తీస్కోప్పా,” అంది అక్క. “నీ తోట చావకపోతే మా తోటకు కోతే లేకపోయె.”

ఓదార్పు మాటల్లో ఇంత నిజమైంది నేను ఇంతవరకు వినలేదు.

చంద్రమౌళి కూడా క్రేట్లు మోశాడు. మేడం వచ్చి ఎండిన తీగలకు వేలాడుతున్న గుత్తులను చూసి, పురికొసను వేళ్లతో తడిమి, “మరణానంతర ఫలదీకరణ, చాలా అరుదు,” అన్నారు. ఆవిడ ఎగతాళి చేశారో, నిజంగానే నమ్మారో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఉత్సవం దివ్యంగా జరిగింది. మంత్రిగారు గుత్తి కోయబోతే ముడి గట్టిగా ఉండి, కత్తెరకు రెండుసార్లు తెగక, మూడోసారి గుత్తితో పాటు ఎండుతీగ కూడా ఊడొచ్చింది. చప్పట్లు కొట్టాం. నిండు లారీ కదిలింది. తర్వాత సభలో డైరెక్టరు గారు ప్రమాణాల గురించి ముప్పావు గంట మాట్లాడి, రైతుల్లో ఎవరైనా రెండు ముక్కలు మాట్లాడాలని కోరారు. అలాంటప్పుడు మామూలుగా ఎవరూ లేవరు. మా అక్క లేచింది. మైకు దగ్గరికి కూడా పోలేదు.

“సార్, నాదొకటే మాట. తీగ పడే కష్టానికి మార్కులేస్తాండారు. పెద్ద చదువు చదివినోళ్లు, మీకే తెల్సు. మరి అదే తోటలో తీగ పక్కనే నిలబడి, అదే వానలో తడిసి, అదే ఎండలో ఎండినోళ్లం మేముండాం. మాకేమన్నా ఏస్తారా?”

 నాకు ముందు నా ఉద్యోగం గుర్తొచ్చింది. డైరెక్టరు గారు మాత్రం అక్కను కళ్లప్పగించి చూస్తూ ఉండిపోయారు. నేలమాళిగలో ఆ వృద్ధుణ్ణి కూడా ఇలాగే చూసి ఉంటారు. జేబులోంచి పెన్ను తీశారు.

ఆయనకు కనువిప్పయిందని నేను అనుకున్నాను. నిజంగానే అయింది. నెల తర్వాత వచ్చిన ఉత్తర్వు ఇలా ఉంది. ‘తీగ కష్టం తీగతో మొదలు కాదనీ, తీగను సాకే రైతు సుఖంగా ఉన్నంతకాలం తీగకు నిజమైన వ్యథ కలగదనీ మండలి గుర్తించింది. కావున ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, ఇకపై కోత అనుమతికి తీగ కష్ట సూచిక రద్దయి, దాని స్థానంలో రైతు కష్ట సూచిక అమలులోకి వస్తుంది. అరవై మార్కులు రాని రైతు తోటలో కత్తెర పెట్టరాదు. వెనుకబడిన రైతులకు ప్రేరకుల సేవలు ఉచితంగా అందించబడతాయి.’

ఈసారి తనిఖీ తోటలో కాదు, ఇంట్లో. కుముదిని మేడం మా అక్క ఇంటి అరుగు మీద కూర్చుని అడుగుతుంటే, బావ చేతులు కట్టుకుని నిలబడి చెప్పాడు. పై రెండెకరాల పండు ఏం చేశారు? గొర్రెలకు వేశాం. అవైనా తిన్నాయా? గింజలెక్కువని సగం వదిలేశాయి. నిద్ర ఎలా పడుతోంది? మబ్బు పట్టిన రోజు పట్టదు, ఎండ కాసిన రోజు పట్టదు. కిందటి పండక్కి ఎవరికి బట్టలు తీశారు? బావ అక్క వైపు చూశాడు, అక్క గోడ వైపు చూసింది. మేడం ఆ ఖాళీలో ఏదో రాసుకున్నారు.

“గడిచిన ఏడాదిలో మీరు మనస్ఫూర్తిగా నవ్విన సందర్భాలేవైనా ఉన్నాయా?”

ఆ ప్రశ్నకు బావ పగలబడి నవ్వాడు. ఆపుకోలేక అరుగు పట్టుకుని కూర్చున్నాడు. మేడం నొచ్చుకుని రెండు మార్కులు తగ్గించారు.

అయినా తొంభై ఒకటి వచ్చాయి. నింగప్పకు తొంభై ఎనిమిది. ఊళ్లో ఒక్కరు కూడా ఫెయిల్ కాలేదు. మండలంలో కాలేదు, జిల్లాలో కాలేదు. చంద్రమౌళిని ఏ ఇంటికీ పంపవలసిన అవసరం రాలేదు. ప్రేరకుల పోస్టులు రద్దయ్యాయి, దాంతో అతనికి కూడా అర్హత వచ్చింది గానీ తోట లేదు. మొదలుపెట్టకముందే ఇంత సంపూర్ణంగా అమలైన పథకం మన చరిత్రలో లేదని డైరెక్టరు గారు పొంగిపోయారు. నేను ప్రెస్ నోటు రాయడానికి కూర్చుని, మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయి, సెలవు పెట్టి అక్క ఊరికి వెళ్లిపోయాను.

వెళ్లేసరికి బావ పందిరి కింద కత్తిరింపు చేస్తున్నాడు. మండలి పంపిన ధ్రువపత్రాన్ని అక్క చేతిలో పట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతోంది. నన్ను చూసి దాన్ని పైకెత్తింది.

“ఈరన్నా, సూడరా! బళ్లో మీ బావ ఒక్క పరీక్షా పాసయిన పాపాన పోలేదు. ఇదొక్కటి మాత్రం, పుస్తకం ముట్టకుండానే ఫస్ట్ క్లాసు.”